పద్నాలుగో కిలోమీటరు దగ్గర నాలుగో పుంజు

"మిరోవ్రిసిలో రెండువేల నాలుగువందల ఏళ్ల నాగరికతా, నాలుగు లేన్ల భవిష్యత్తూ చేతులు కలపబోతున్నాయి" అని రోడ్ల శాఖ ఉపమంత్రి లెయాండ్రోస్ స్కర్లాతోస్‌గారు పత్రికల వాళ్లను పిలిచి ప్రకటించారు. ఆ ఇద్దరిలో నాగరికత అప్పటికే అక్కడ ఉంది. భవిష్యత్తు ఇంకా రావలసి ఉంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రకటన తర్వాత నిప్పుల మీద కాల్చిన ఆక్టోపస్, చల్లటి ఊజో సారా ఉన్నాయి మరి.

పొలిక్సేని త్సాకిరి ఆ ప్రకటనను గుంతలో మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌లో వింది. ఆమె పురావస్తు శాఖలో ఇరవై రెండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. రోడ్డు వేసే ముందు దారిలో పాత ఊరేదైనా బయటపడితే ఆమెను పంపుతారు. కింద ఏముందో తవ్వి చూడాలి, కొలిచి రాసుకోవాలి, తీయగలిగింది తీయాలి, మిగతాది మట్టితో కప్పెయ్యాలి. దీన్ని రక్షణ తవ్వకం అంటారు. ఇప్పటికి ఆమె రక్షించిన ఊళ్లు పదకొండు. పదకొండింటి మీదా లారీలు తిరుగుతున్నాయి.

ఇది పన్నెండోది. పేరు తెలియని ఊరు. సముద్రం వైపు వాలుగా దిగే వీధులు, ఒకే కొలతలో కట్టిన ఇళ్లు. అందులో మూడో ఇల్లు పొలిక్సేనికి నిద్ర పట్టనివ్వడం లేదు. ఆ ఇల్లు ఒక రోజు అంటుకుంది. పైకప్పు కూలి వంటగదిని ఉన్నదున్నట్టు కప్పేసింది. పొయ్యి మీద కుండ పొయ్యి మీదే ఉంది. మగ్గం కాలిపోయింది గాని, నూలు బిగువుగా ఉండేందుకు దానికి వేలాడదీసిన మట్టి గుండ్లు పడ్డచోటే వరసగా ఉన్నాయి. గోడ పక్కన బొటనవేలంత పీకతో చిన్న మట్టి గిన్నె, పసిపిల్లలకు పాలు పట్టేది. ఎవరో ఒక ఇల్లాలు బిడ్డను ఎత్తుకుని, గిన్నె మరిచి పరిగెత్తింది. పరిగెత్తిందా లేదా అన్నది మిగతా సగం తవ్వితే తెలుస్తుంది. ఆ సగానికి పొలిక్సేనికి ఆరు వారాలు కావాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మర్నాడు ఉపమంత్రిగారే వచ్చారు. వెంట కాంట్రాక్టర్ మంగానారిస్, ప్రచార సలహాదారు ఫీవోస్. ఉపమంత్రిగారు తెల్ల బూట్లతో గుంత అంచున నిలబడి, నాగరికతను పైనుంచి కిందికి చూశారు.

"ఏం దొరికిందమ్మా?"

"వంటగది దొరికిందండీ."

"విగ్రహం?"

"లేదండీ."

"పోనీ తలకాయ? ముక్కు విరిగినా ఫర్వాలేదు."

"లేదండీ. వంటగది మాత్రం పూర్తిగా ఉంది. ఇలాంటిది చాలా అరుదు."

"వంటగది మా ఇంట్లో కూడా ఉంది" అన్నారు ఉపమంత్రిగారు. మంగానారిస్ నవ్వాడు. నవ్వడం అతని టెండరు షరతుల్లో లేదు, అయినా చేశాడు. ఇలాంటి నిబద్ధత గల కాంట్రాక్టర్లు అరుదు.

"ఆరు వారాలు ఇప్పించండి చాలు" అంది పొలిక్సేని.

"వచ్చే ఆదివారం శంకుస్థాపన. ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి. మీ వంటగది రెండువేల ఏళ్లు ఆగింది, ఎన్నికలు ఆగుతాయా చెప్పండి?"

ఫీవోస్ అప్పటికే స్థలం చూస్తున్నాడు. గుంతలకు పన్నెండు మీటర్ల అవతల, వెనక సముద్రం కనపడేలా, కార్లు తిప్పుకోవడానికి వీలున్న జాగా ఒకటుంది. పద్నాలుగో కిలోమీటరు సరిగ్గా అక్కడికే వస్తుంది.

"ఇక్కడే సార్. లైటింగ్ కూడా బ్రహ్మాండం. ఒక మీటరు గొయ్యి తీస్తే ఫలకం దించేయొచ్చు."

అప్పుడు పొలిక్సేని నోటి నుంచి చట్టం వచ్చింది. ప్రాచీన స్థలంలో పురావస్తు శాఖ మనిషి లేకుండా పార దించకూడదు. శంకుస్థాపన గొయ్యి అయినా సరే, తాపీతో గీరి, బ్రష్షుతో ఊడ్చి, పొరపొరకీ ఫోటో తీసి, డైరీలో రాయాలి.

ఉపమంత్రిగారు చట్టాన్ని గౌరవించే మనిషి. ముఖ్యంగా కెమెరాలున్నప్పుడు. "అయితే మీరే తవ్వండి. శాస్త్రీయంగా తవ్విన మొట్టమొదటి శంకుస్థాపన గొయ్యి మాదే అవుతుంది. ఫీవోస్, రాసుకో."

పొలిక్సేని మేస్త్రీ అనెస్తిస్‌ని పిలిచింది. అరవై దాటిన మనిషి. పుట్టింది మిరోవ్రిసిలోనే. మట్టి రంగు చూసి ఏ కాలందో చెప్పగలడు. అడిగితేనే చెబుతాడు.

ముప్ఫై సెంటీమీటర్ల లోతున తాపీ ఠంగుమంది. పాలరాయి. పొలిక్సేని గబగబా వంగింది. బ్రష్షుతో మట్టి ఊడిస్తే అక్షరాలు కనిపించాయి. "ఈ రహదారికి శంకుస్థాపన చేసినవారు" అని, కింద పద్నాలుగేళ్ల కిందటి మంత్రి పేరు. అవతలి పార్టీ ఆయన. రాయి కింద గాజు గొట్టంలో సంతకాల కాగితం, నాలుగు యూరో నాణేలు, ఒక కోడిపుంజు ఎముకలు.

ఆ గ్రీకు దేశంలో ఇల్లు కట్టినా, వంతెన కట్టినా పునాదిలో పుంజును కోస్తారు. కట్టడం గట్టిగా నిలబడుతుందని నమ్మకం. పొలిక్సేని డైరీ తీసి ఎప్పటిలాగే రాసింది. "పొర ఒకటి. కోడిపుంజు ఒకటి. నాణేలు నాలుగు. ఫలకం ఒకటి. రోడ్డు ఆనవాళ్లు: లేవు."

ఇంకా తవ్వారు. ఇంకో అడుగు దిగాక రెండో ఫలకం. ఇరవై ఆరేళ్ల కిందటిది. దాని కింద నాణేలు యూరోలు రాకముందువి, ద్రాక్మాలు. పుంజు కొంచెం పెద్దది. "పొర రెండు. రోడ్డు ఆనవాళ్లు: లేవు."

"అనెస్తిస్ బాబాయ్, ఇదంతా నీకు ముందే తెలుసా?"

"తెలియకేమమ్మా. ఇక్కడ మంత్రుల కార్లు తిప్పుకోవడానికి వీలున్న చోటు ఇదొక్కటే. ఎవరొచ్చినా ఇక్కడే దిగుతారు. రోడ్డుతో పాటు తూము కూడా కడతామన్నారు. తూము కట్టలేదు గనక చలికాలం వాగు పొంగి రాయిని కప్పేస్తుంది. మళ్లీ ఇంకొకాయన వస్తాడు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"మీరు పాత కాలం గురించి అడుగుతారు గానీ మంత్రుల గురించి ఎప్పుడడిగారు?" అని తాపీ తుడుచుకుని, "కింద ఇంకోటుంది. అది మా అమ్మ పుంజు" అన్నాడు.

ఉంది. మూడో ఫలకం నలభై ఏళ్ల కిందటిది. అనెస్తిస్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఊరి పెద్దలు వచ్చి వాళ్లమ్మ పెంచుకున్న ఎర్ర పుంజును పట్టుకుపోయారు. ఆవిడ ఎనభై తొమ్మిదేళ్లకు పోయేదాకా, బస్సులో పట్నం ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ, ఆ పాత మట్టిరోడ్డు కుదుపులకు నడుము పట్టుకుని, "నా పుంజు రోడ్డు ఇంకా వెయ్యలేదేం?" అని అడిగేది.

పొలిక్సేని ఫలకం మీది మట్టి ఊడ్చింది. ఊడుస్తూ ఆగింది. "శంకుస్థాపన చేసినవారు: ఎపమినోండాస్ స్కర్లాతోస్, ఉపమంత్రి."

"మన ఉపమంత్రిగారి నాన్నగారేనా బాబాయ్?"

"సాక్షాత్తూ. మీసాలు ఇంతకంటే పెద్దవి. ఉపన్యాసం మాత్రం ఇదే."

పొలిక్సేని బుర్రలో దీపం వెలిగింది. ఇరవై రెండేళ్లలో ఆమె చట్టం చెప్పి చూసింది, శాస్త్రం చెప్పి చూసింది, ఒకసారి ఏడ్చి కూడా చూసింది. ఏ రోడ్డూ ఒక్క మీటరు జరగలేదు. ఈ దేశంలో చట్టానికి లొంగనివాళ్లు నాన్నకు లొంగుతారు. ఉపమంత్రిగారికి నాన్నగారి రాయి చూపిస్తే? కళ్లు చెమర్చవా? నాన్నగారి రాయి మీదుగా బుల్డోజరు పోనిస్తారా? రోడ్డు కొంచెం పైకి, కొండ వైపు జరగదా? అది జరిగితే వంటగది బతికిపోతుంది.

ఫోన్ చేసింది. ఉపమంత్రిగారు గంటలో వచ్చారు. గుంతలోకి దిగారు, తెల్ల బూట్లతోనే. రాయి మీద చెయ్యి పెట్టారు. నిజంగానే కళ్లు చెమర్చాయి. ఫీవోస్ రెండోసారి చెమర్చమన్నాడు, మొదటిసారి ఫోకస్ కుదరలేదట. రెండోసారి ఇంకా బాగా చెమర్చాయి.

"నాన్నగారు... ఈ ప్రాంతం కోసం ప్రాణం పెట్టారు" అన్నారు ఉపమంత్రిగారు. నాన్నగారు ప్రాణం వదిలింది స్విట్జర్లాండ్‌లో అని అనెస్తిస్‌కు తెలుసు. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు.

"పైన అవతలి పార్టీ వాళ్ల రాళ్లు రెండున్నాయి సార్" అన్నాడు మంగానారిస్.

"వాటికి వయసెంత?"

"ఒకటి పద్నాలుగేళ్లు, ఒకటి ఇరవై ఆరు."

"అంటే ప్రాచీనం కావు. తీసి పారెయ్యండి. నాన్నగారిది మాత్రం చారిత్రక కట్టడం. చుట్టూ రెయిలింగ్ వెయ్యండి. దీపాలు కూడా. బడిపిల్లలు వచ్చి చూడాలి."

"అయితే రోడ్డు..." అంది పొలిక్సేని. "రోడ్డు కొండ వైపు జరపాలి కదండీ?"

"రోడ్డు ఎందుకమ్మా జరపడం? శంకుస్థాపనే జరుపుదాం."

"జరపొచ్చు సార్" అన్నాడు మంగానారిస్. అటూ ఇటూ చూసి, మూడో ఇంటి గుంత దగ్గర ఆగాడు. "ఇదిగో, ఇక్కడ గొయ్యి రెడీగా ఉంది. లోతు కూడా సరిపోతుంది. శాస్త్రీయంగా కూడా తవ్వారు."

పొలిక్సేని గుంతకు అడ్డంగా వెళ్లి నిలబడింది. తన నోటితో, తన ఫోన్‌తో, ఆ గొయ్యికి దారి తనే చూపించింది.

"అది వంటగదండీ! పొయ్యి అవతలి సగం ఇంకా తవ్వనే లేదు! అందులో సిమెంటు పోస్తే..."

"సిమెంటు పోస్తే గట్టిగా కాపాడుతుంది" అన్నారు ఉపమంత్రిగారు వాత్సల్యంగా. "రక్షణ అంటే మరేమిటమ్మా? మీకు బుధ, గురు, శుక్రవారాలు ఇస్తున్నాను. మూడు రోజులు. మా పెళ్లి కూడా మూడు రోజుల్లో ఏర్పాటు చేశారు."

ఆ మూడు రోజులూ పొలిక్సేని, అనెస్తిస్, నలుగురు కూలీలు ఎండలో వంగినవాళ్లు వంగినట్టే ఉన్నారు. మగ్గం గుండ్లు ఒక్కొక్కటీ నంబరు వేసి ఎత్తారు. పాల గిన్నెను దూదిలో చుట్టి పెట్టెలో పెట్టారు. పొయ్యి మీది కుండను ఎత్తుతుంటే అడుగు ఊడి వచ్చింది. లోపల మాడిన పప్పు అంటుకుని ఉంది. పొలిక్సేని ఆ మాడు వైపు చాలాసేపు చూసింది. ఆ ఇల్లాలు పప్పు పొయ్యి మీద పెట్టి ఎటు చూస్తూ ఉండిపోయిందో, మంట ఎటునుంచి వచ్చిందో, తలుపు ఏ వైపుందో, ఆ మిగతా సగంలోనే ఉంది. శుక్రవారం సాయంత్రానికి ఆ సగంలో ఒక మూల మాత్రమే తేలింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఇంత హడావిడి దేనికి బాబాయ్? రోడ్డు పని సోమవారమే మొదలవుతుందా?"

"అదిగో బుల్డోజరు వచ్చింది కదా, డ్రైవరుని అడిగాను" అన్నాడు అనెస్తిస్. పసుపుపచ్చ బుల్డోజరు ఒకటి, నిగనిగలాడేలా కడిగి, వెనక సముద్రం కనపడేలా నిలబెట్టారు. "ఆదివారం మధ్యాహ్నం దీన్ని ట్రెయిలరు ఎక్కించి తీసుకుపోతారట. సోమవారం ఇంకో జిల్లాలో శంకుస్థాపన ఉంది. మంగళవారం ఇంకోచోట. ఈ నెలంతా దానికి ఖాళీ లేదు పాపం. ఇప్పటిదాకా బురద అంటలేదు దానికి."

"మరి రోడ్డు?"

"రోడ్డు ప్లాను ఇంకా గీస్తున్నారట."

శనివారం పుంజు సమస్య వచ్చింది. జంతువుల సంఘం వాళ్లు కెమెరాలతో వస్తారని ఫీవోస్‌కు కబురందింది. మంత్రి చేతి మీదుగా పుంజు చావడం ఎన్నికలకు మంచిది కాదు. పుంజు లేకుండా శంకుస్థాపన చేస్తే ఊళ్లో ముసలివాళ్లు ఓటెయ్యరు. ఫీవోస్ గంటసేపు ఆలోచించి, పట్నం సూపర్ మార్కెట్ నుంచి ఫ్రీజరు కోడిని తెప్పించాడు. శుభ్రం చేసింది, ఈకల్లేనిది, కడుపులో కాలేయం, గుండె ఒక సంచిలో కట్టి పెట్టింది.

"ఇది ఇదివరకే చచ్చిపోయింది గనక మన మీద కేసు ఉండదు" అన్నాడు.

ఊరి పాదిరి గ్రిగోరిస్ దాన్ని చూసి గడ్డం నిమురుకున్నాడు. "నేను నీళ్లు చల్లుతాను, ప్రార్థన చదువుతాను. కోళ్లు నా శాఖ కాదు. కానీ బాబూ, ఇది పుంజా, పెట్టా?"

ఫీవోస్ ప్యాకెట్టు తిప్పి చూశాడు. బరువు రాసి ఉంది గాని, మిగతా వివరాలు లేవు.

ఇంకొక్కటి మిగిలింది. గాజు గొట్టంలో పెట్టే సంతకాల పత్రం. ఉపమంత్రిగారికి సరికొత్త ఆలోచన వచ్చింది. "రెండువేల ఏళ్ల తర్వాత తవ్వేవాళ్లకు మన కాలం గురించి తెలియాలి. పాత రాళ్ల మీద ఉంటుందే, అచ్చం ఆ పురాతన గ్రీకులో, ఆ అక్షరాల్లో రాయించండి. పొలిక్సేనిగారూ, అది మీరే రాయాలి. మీరు మాకు మొదటినుంచీ ఎంతో సహకరించారు."

"ఏం రాయమంటారు?"

"నిజం రాయండి. ఇక్కడ ఏం జరిగిందో అది. నేను చూస్తాను. బళ్లో పురాతన గ్రీకులో నాకెప్పుడూ ఫస్టే."

పొలిక్సేని ఆదివారం పొద్దున్నే, గుంత అంచున స్టూలు వేసుకుని, తోలు కాగితం మీద రాసింది. పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేకుండా, రాళ్ల మీద చెక్కినట్టే. సూపర్ మార్కెట్‌కు పురాతన భాషలో మాట దొరక్క, అంగడి అని సరిపెట్టింది. రాస్తుంటే అనెస్తిస్ వెనక నిలబడి, "ఏం రాశారమ్మా?" అన్నాడు. ఆమె చదివి వినిపించింది. అనెస్తిస్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "అమ్మ ఉంటే సంతోషించేది" అన్నాడు.

ఊరంతా వచ్చింది. బ్యాండు వచ్చింది. పాదిరిగారు తులసి కట్టను నీళ్లలో ముంచి నాలుగు దిక్కులా చల్లారు. కొన్ని చుక్కలు ఆ ఇల్లాలి పొయ్యి మీద పడ్డాయి. ఉపమంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. ముందు వరసలోని ముసలివాళ్లు కొన్ని వాక్యాలు ఆయనకంటే ముందే పూర్తిచేశారు. తర్వాత ఆయన గడ్డకట్టిన కోడిని రెండు చేతులా ఎత్తి, గుంతలో పొయ్యి రాళ్ల మధ్య భక్తిగా పెట్టారు. కోడి రాయికి తగిలి ఠక్కుమంది. జనం చప్పట్లు కొట్టారు.

పత్రం మీద సంతకాల సమయం వచ్చింది. మొదట పాదిరి తీసుకున్నాడు. ఆయన ముప్ఫై ఏళ్లుగా పాత గ్రీకులో ప్రార్థనలు చదువుతున్నాడు. పెదాలు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఒకచోట ఆగి కోడి వైపు చూశాడు. తర్వాత పొలిక్సేని వైపు చూశాడు. శిలువ గుర్తు వేసుకుని సంతకం పెట్టాడు.

మంగానారిస్ పత్రాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "ఆహా" అని సంతకం పెట్టాడు. ఫీవోస్ కూడా "ఆహా" అన్నాడు.

ఉపమంత్రిగారు కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో వరసలు తడుముతూ, కెమెరాలు ఎంతసేపు కావాలంటే అంతసేపు చదివారు. మధ్యలో రెండుసార్లు తల ఊపారు. ఒకసారి చిన్నగా నవ్వారు.

"శైలి అమోఘం" అన్నారు. "ముఖ్యంగా ఆ ముగింపు."

అందులో ఇలా ఉంది:

"పొర ఒకటి. ఇదే రోడ్డుకు ఇది నాలుగో కోడి. తల లేదు, కాళ్లు లేవు, ఈక లేదు. అంగట్లో కొన్నది. చచ్చాక తెచ్చినది. ఫలకం ఒకటి. బుల్డోజరు ఒకటి వచ్చి నిలబడి వెళ్లింది. రోడ్డు ఆనవాళ్లు: లేవు. పొర రెండు. ఒక ఇల్లాలి వంటగది. సగమే తవ్వగలిగాం. తలుపు ఎటుందో చూడలేదు. మీకు టైము ఇస్తే, దయచేసి చూడండి. పై విషయాలన్నీ నిజమని కింద సంతకం చేసినవారు ధ్రువీకరిస్తున్నారు."

ఉపమంత్రిగారు నాన్నగారి బంగారు కలం తీసి, అందరికంటే పెద్దగా, కింద గీతతో సహా సంతకం పెట్టారు. పత్రాన్ని చుట్టి గాజు గొట్టంలో దూర్చి, కోడి పక్కన పెట్టారు. సిమెంటు లారీ వెనక్కి వచ్చి తొట్టి వంచింది. బూడిద రంగు ముద్ద జారి, పొయ్యి మీద, మాడిన చోటు మీద, ఇంకా తవ్వని సగం మీద మెల్లగా పరుచుకుంది. పొలిక్సేని చూపు తిప్పుకోలేదు. అవతల డ్రైవరు అప్పటికే బుల్డోజరుకు గొలుసులు కడుతున్నాడు.

ఉపమంత్రిగారు ఆమె భుజం తట్టారు.

"రెండువేల ఏళ్ల తర్వాత ఎవరో దీన్ని తవ్వి తీస్తారు. చదివి మన గురించి ఏమనుకుంటారంటారు?"

"నిజమే అనుకుంటారండీ" అంది పొలిక్సేని.